పసుపు డబ్బులతో ఓ బుల్లి వాద్యం

(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



పుట్టింటివాళ్ళు చీర కొనుక్కోమ్మా అని డబ్బిస్తే మీరేం చేస్తారు? చీరే కొనుక్కుంటారు. నేనూ ఇరవై ఆరేళ్ళుగా అదే చేశాను. కిందటి ఏడు మాత్రం ఆ డబ్బు పెట్టి చీర కొనలేదు. మూరెడు పొడుగున్న, నాలుగు తీగెలున్న ఒక చెక్క వాద్యం కొన్నాను. దాని పేరు ఉకులేలే. మన దుకాణాల్లో యుకలేలీ అంటున్నారు. కొన్న మొదటి నెలలో దాని మీద నాకు కలిగిన అభిప్రాయాలు, మంచివీ చెడ్డవీ, మీతో చెప్పుకుందామనే ఈ నాలుగు మాటలూ.

ముందు ఆ డబ్బు సంగతి చెప్పాలి. మా పుట్టిల్లు మెండోర. నిజామాబాదు జిల్లాలో ఆర్మూరు దాటి, పోచంపాడు ఆనకట్టకు దగ్గరలో ఉంటుంది. 2016లో మండల కేంద్రమయింది కాని, నా లెక్కలో అది ఇప్పటికీ పసుపు ఊరే. పొద్దున లేస్తే పసుపు, పడుకుంటే పసుపు. మా అన్నయ్య సేద్యం చేసే చేలో నాలుగు సాళ్ళు అమ్మ పేరు మీద వదిలేస్తాడు. ఆ నాలుగు సాళ్ళ పసుపు అమ్ముడుపోయాక వచ్చిన డబ్బును అమ్మ రెండు భాగాలు చేసి, మా చెల్లెలికొకటి, నాకొకటి పసుపు కుంకుమ కింద ఇస్తుంది. ధర బాగా పలికిన ఏడు పట్టుచీర, పడిపోయిన ఏడు నూలుచీర. అంటే నా బీరువాలో చీరలు వరసగా చూస్తే నిజామాబాదు మార్కెట్ యార్డులో పసుపు ధరల చరిత్ర తెలిసిపోతుంది!

అటువంటి డబ్బును ఆటవస్తువులాంటి దానిమీద పెట్టడమంటే మాటలు కాదు. మావారితో చెప్పడానికి నాకు భయం లేదు. అమ్మతో చెప్పడానికే నోరు రాలేదు. జనవరిలో కొన్నాను. ఫిబ్రవరిలో మెండోర వెళ్ళేదాకా దాచాను.

అసలు ఎందుకు కొన్నానంటారా? పెళ్ళికి ముందు నిజామాబాదులో మా మేనత్తగారింట్లో ఉండి చదువుకునే రోజుల్లో రెండేళ్ళు వీణ నేర్చుకున్నాను. వీణ నాది కాదు, పంతులమ్మగారిది. ఆవిడ ఇంటికి వెళ్ళి, ఆవిడ వీణ మీద, మరో ఇద్దరు పిల్లలతో వంతులు వేసుకుని వాయించేదాన్ని. సొంత వీణ ఉంటే తప్ప చెయ్యి తిరగదు అని ఆవిడ కబురు పంపితే నాన్న సరే అన్నాడు. ఆ ఏడు పసుపు ధర పడిపోయింది. వీణ వచ్చే ఏడు అన్నారు. వచ్చే ఏడు పెళ్ళి చేశారు. ఇందులో ఎవరి తప్పూ లేదు. మీలో ఎంతమందికి ఇలాంటి కథే ఉందో నాకు తెలుసు. కొందరికి వీణ, కొందరికి కుట్టుమిషను, కొందరికి డిగ్రీ మూడో ఏడు.

మరి ఇప్పుడు వీణే కొనుక్కోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి, అతుకు లేకుండా ఏకాండి వీణ చేసే కళాకారులు ఉన్నారు. ఆ వీణంటే నాకిప్పటికీ ప్రాణం. కాని నాలుగడుగులు దాటిన వీణను మా రెండు గదుల ఫ్లాటులో ఎక్కడ పెట్టను? మంచం కిందా? దానికి ఖర్చు ఒక ఎత్తు, కింద కూర్చుని లేవాల్సిన నా మోకాళ్ళు ఇంకో ఎత్తు. అట్లా ఊరుకుండగా మా పక్క ఫ్లాటు పాప పుట్టినరోజుకి ఎవరో నీలిరంగు ఉకులేలే ఇచ్చారు. ఆ పిల్ల వాయిస్తుంటే గోడ ఇవతలనుంచి విన్నాను. ఒకరోజు పప్పు రుబ్బడం ఆపి వాళ్ళింటికెళ్ళి, ఏదీ ఒకసారి ఇలా ఇవ్వమ్మా అన్నాను. ఒళ్ళో పెట్టుకుంటే పిల్లిపిల్లలా ఇమిడిపోయింది.

ఈ వాద్యం హవాయి దీవులది. అక్కడికి కూడా బయటినుంచి వచ్చినదే. 1879లో పోర్చుగల్ వాళ్ళ మదైరా దీవినుంచి చెరకు తోటల్లో పనికోసం రావెన్స్‌క్రాగ్ అనే ఓడలో హోనొలులు చేరిన కూలి కుటుంబాల్లో ముగ్గురు వడ్రంగులున్నారు. మాన్యుయెల్ నూనెస్, అగస్తో డయాస్, జోసే దో ఎస్పిరితో సాంతో. వాళ్ళ దేశపు చిన్న నాలుగు తీగెల వాద్యాన్ని అక్కడి కోవా చెక్కతో చెయ్యడం మొదలుపెట్టారు. కోవా అంటే ఏమిటో అనుకునేరు, మన తుమ్మ కుటుంబంలోని చెట్టే. ఆ దేశపు రాజు కలాకావాకు నచ్చింది. ఇంక చెప్పేదేముంది, ఊరంతా వాయించారు. ఉకు అంటే పేనులాంటి పురుగు, లేలే అంటే గెంతడం. తీగెల మీద వేళ్ళు అలా గెంతుతాయని ఆ పేరు వచ్చిందంటారు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పెద్ద ఎగ్జిబిషన్ తర్వాత అమెరికా అంతా పాకింది.

విదేశీ వాద్యం మనకెందుకు అనే పెద్దలుంటారు. వయొలిన్ ఎక్కడిది? బాలుస్వామి దీక్షితులవారు చేతికి తీసుకున్నాక మన కచేరీల్లో అది లేకుండా జరగడమే లేదు. పాలకొల్లులో 1969లో పుట్టిన శ్రీనివాస్ మాండొలిన్ మీద ఎంత త్యాగరాజును వినిపించారో మీకు నేను చెప్పాలా? వాళ్ళతో నాకు పోలిక అని కాదు. చెక్కకూ తీగెకూ కులగోత్రాలు ఉండవని మాత్రమే నా మాట.

సరే, దుకాణానికి వెళ్ళాను. ఉకులేలేలలో నాలుగు సైజులున్నాయి. అన్నింటికన్నా చిన్నది సొప్రానో. మొత్తం కలిపి ఇరవై ఒక్క అంగుళాలు, అరకిలో బరువుండదు. దుకాణం కుర్రాడు మొదట పదిహేను వందల రూపాయల రంగురంగులవి చూపించాడు. అవన్నీ ప్లైవుడ్ చేసినవి. తర్వాత లోపల్నుంచి ఒక గోధుమరంగుది తెచ్చి, ఇది సాలిడ్ వుడ్ మేడమ్, సంచితో కలిపి ఆరువేల ఐదువందలు అన్నాడు. అసలు చెక్కతో చేసిన వాటిల్లో ఇది చవకరకమే. హవాయిలో చేసిన కోవా వాద్యాలు లక్ష రూపాయలు దాటేవి కూడా ఉన్నాయి.

ఇక్కడ మీకొక కిటుకు చెబుతాను. అసలు చెక్కో ప్లైవుడ్డో చెప్పడానికి వాద్యం మధ్యనున్న గుండ్రటి రంధ్రం అంచు చూడాలి. అసలు చెక్కయితే పైన కనపడే నార గీతలు అంచు మీదుగా లోపలికి అలాగే దిగుతాయి. ప్లైవుడ్ అయితే బిస్కెట్టులో క్రీములాగా పొరలు పొరలుగా కనిపిస్తుంది. అంచుకు దట్టంగా నల్లరంగు పూసేసి ఉంటే అనుమానించండి. లోపలికి తొంగిచూసి, వెనక చెక్క మీద పైన ఉన్న మచ్చే లోపలా ఉందో లేదో పోల్చుకోవచ్చు. మనం చీర జరీ తిప్పి చూడమా? అంతే ఇదీ.

ఈ తేడా ఎందుకు పట్టించుకోవాలంటే, తీగె తనంతట తాను పెద్దగా పలకదు. గుర్రం మీదుగా దాని అదురు చెక్కకు చేరి, చెక్క అదిరి, గాలిని కదిలిస్తేనే మనకు వినపడుతుంది. ప్లైవుడ్‌లో పొరలను అడ్డంగా నిలువుగా పెట్టి జిగురుతో అంటిస్తారు కనుక అది గట్టిగా బిగుసుకుని ఉంటుంది. ఒంటి పొర చెక్క రెండు మిల్లీమీటర్ల మందాన ఉండి తేలిగ్గా అదురుతుంది. ఇది పుస్తకంలో మాట. నా చెవికి మొదటిరోజు వినిపించింది చెప్పనా? పెద్ద తేడా ఏమీ లేదు! పక్కింటి పాపదే కాస్త గట్టిగా కూడా మోగింది. నాది మెత్తగా పలికి, మీటిన తర్వాత ఒక లిప్తకాలం ఎక్కువ నిలిచింది. ఐదువేలు ఎక్కువపెట్టి ఒక లిప్త కొన్నానా అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇంకా మంచి సంగతి మొదట చెప్పాలి. ఇంటికొచ్చి సంచీ విప్పగానే చెక్క వాసన. మెరుపు రంగు ఏమీ లేదు, పల్చగా పూసిన పూత. చేత్తో తడిమితే చెక్క నార వేళ్ళకు తెలుస్తుంది. నిర్మల్ పొనికి చెక్క బొమ్మ చేతిలోకి తీసుకుంటే, అరె ఇంత తేలికా అనిపిస్తుంది చూడండి, అలా అనిపించింది. మహాగని చెక్క, ఇండోనేషియాలో తయారు అని లోపల చీటీ అంటించి ఉంది. శ్రుతి చేశాను. రెండు నిమిషాల్లో దిగిపోయింది. మళ్ళీ చేశాను. మళ్ళీ దిగింది. బిరడాలు పాడేమో అని కంగారుపడ్డాను. అది తీగెల స్వభావం. నైలాను లాంటివి కనుక కొత్తలో సాగుతూనే ఉంటాయి. వారం పది రోజులు పొద్దున సాయంత్రం శ్రుతి చేస్తూనే ఉండాలి. కొత్త నులకమంచం లాగా అన్నమాట.

దీని నాలుగు తీగెలకూ గిటారువాళ్ళు జీ సీ ఈ ఏ అని పేర్లు పెట్టారు. ఈ అక్షరాలు నా బుర్రకెక్కలేదు. సీ అనేదాన్ని షడ్జం అనుకుని మిగతావాటిని మీటి చూశాను. పైనుంచి కిందకి ప, స, గ, ద. మళ్ళీ మీటాను. ప, స, గ, ద. ఇందులో రిషభం ఒక్కటి కలిస్తే? ఇంకేముంది, మోహనం! షడ్జం తీగె మీద రెండో మెట్టు నొక్కితే చతుశ్రుతి రిషభం రానే వచ్చింది. ద తీగె మీద మూడో మెట్టు తారస్థాయి షడ్జం. ఎన్ని వేల మైళ్ళ అవతల ఏ వడ్రంగులు ఏ పాటకోసం కట్టుకున్న శ్రుతో కాని, ఉత్త తీగెలు మీటితేనే మోహన రాగంలో నాలుగు స్వరాలు ఇంట్లో కూర్చుని ఉన్నాయి. పంతులమ్మగారు మొట్టమొదట నేర్పిన గీతం మోహనంలోనిదే. ముప్ఫై ఏళ్ళ తర్వాత అది నా వేళ్ళలోంచి తడుముకుంటూ, ఆగుతూ, మొత్తం వచ్చింది. పొయ్యి మీద పాలు పొంగి పోయాయి. పోనీలెండి.

మర్నాడు మధ్యాహ్నం క్రమపద్ధతిలో మొదలుపెడదామని సరళీ స్వరాలకు కూర్చున్నాను. అవి మాయామాళవగౌళలో కదా. స బాగుంది. రి మీటాను. పులిసిన పెరుగు నోట్లో పెట్టుకున్నట్టయింది. గ బాగుంది. మ మళ్ళీ పులుపే. నా వేలు తప్పేమో అనుకుని నెమ్మదిగా నొక్కాను, గట్టిగా నొక్కాను. ఎలా నొక్కినా ఆ రెండు స్వరాలూ అరవాసి పైకే పలుకుతున్నాయి. వేరే గదిలో పేపరు చదువుకుంటున్న మావారు, సంగీతం తెలియని మనిషి, “నిన్నటిది బాగుందోయ్, ఇవాళ్టిది ఏమిటో పంటి కింద రాయిలా ఉంది” అన్నారు.

పొద్దుపోయేదాకా కూర్చుని గుట్టు కనిపెట్టాను. శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం రెండూ ఈ వాద్యంలో మొదటి మెట్టు మీదే ఉన్నాయి. మోహనానికి మొదటి మెట్టుతో పనే లేదు, అందుకే నిన్న తీయగా ఉంది! తప్పు మొదటి మెట్టు దగ్గర ఉంది. దండి చివర తీగెలు ఆనుకుని ఉండే తెల్లటి పట్టీ ఒకటి ఉంటుంది, దాన్ని నట్ అంటారు. దానిలో తీగెలు కూర్చోవడానికి గాళ్ళు కోస్తారు. ఆ గాళ్ళు తగినంత లోతుగా లేకపోతే తీగె ఎత్తుగా ఉంటుంది. మొదటి మెట్టు దగ్గర దాన్ని కిందికి నొక్కాలంటే తీగె సాగుతుంది, సాగితే శ్రుతి పెరుగుతుంది. మెట్టు దూరమయ్యేకొద్దీ ఈ బాధ తగ్గుతుంది. చవక వాద్యాల్లో ఇది మామూలు లోపమేనట. ఆ గాళ్ళు వెంట్రుకవాసి లెక్కన సరిచెయ్యడానికి ఓపిక ఉన్న మనిషి కావాలి. ఆ మనిషి కూలి కలిపితే చవక ఉండదు.

దుకాణంవాళ్ళు పదిహేను రోజుల్లో నచ్చకపోతే తిరిగిచ్చెయ్యమన్నారు. ఇచ్చేస్తాను, చీర కొనుక్కుంటాను, అమ్మకు చెప్పే బాధ కూడా తప్పుతుంది అనుకున్నాను. ఆ వారంలోనే మెండోర ప్రయాణం పడింది. ఇంట్లో పెట్టి వెళ్ళలేక సంచీ భుజాన వేసుకునే వెళ్ళాను.

ఫిబ్రవరిలో మా ఊరు చూడాలి మీరు. తవ్విన పసుపు ఉడకబెట్టి కల్లాల్లో ఆరబోస్తారు. నేల నేలంతా పచ్చగా, ఊరు ఊరంతా అదే వాసన. నా చిన్నప్పుడు పెద్ద ఇనుప కడాయిలలో పసుపాకు కప్పి ఉడికించేవాళ్ళు, ఇప్పుడు ఆవిరి బాయిలర్లు వచ్చాయి. ఐదు కిలోల పచ్చిపసుపు ఉడికి ఎండేసరికి కిలోకు దిగుతుంది. పది పదిహేను రోజులు ఎండాలి. ఎండిందో లేదో మా అమ్మ ఎలా చూస్తుందో తెలుసా? ఒక కొమ్ము తీసి చెవి దగ్గర పెట్టుకుని విరుస్తుంది. పచ్చి మిగిలి ఉంటే వంగుతుంది, చప్పుడు రాదు. ఎండితే రేకు మీద కొట్టినట్టు టంగుమని విరుగుతుంది. కళ్ళు మసకలు కమ్మినా ఆ చెవికి మాత్రం తిరుగులేదు. వ్యాపారి తేమ మిషను పెట్టకముందే అమ్మ చెప్పేస్తుంది.

సాయంత్రం కల్లంలో కూర్చున్నాం. అమ్మ అడగనే అడిగింది.

“ఏం చీర కొన్నవ్ బిడ్డా? కట్టుకొని రాలేదేంది?”

ఇంక దాచలేక సంచీ విప్పాను. అమ్మ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

“గిదేందే? పిల్లగాండ్లు ఆడుకునేదా?”

“వాయించుకునేది అమ్మా. చీర పైసలతోని కొన్న.”

అమ్మ ఏమీ అనలేదు. కాసేపు దాని వంక చూసి, వేలు ముడిచి వెనక చెక్క మీద రెండుసార్లు కొట్టి చెవి దగ్గర పెట్టుకుంది. అచ్చం పసుపు కొమ్మును చూసినట్టే. తర్వాత ముందు చెక్క మీద, అంచుల మీద కొట్టింది.

“కట్టె మంచిదే. ఎండిన కట్టె. గని మన దగ్గరి ఎండ దీనికింక తాకలేదు. ఉడుకపోసే దేశంల చేసిన్రా దీన్ని?”

నా నోట మాట రాలేదు. ఇండోనేషియా సంగతి నేను చెప్పనే లేదు. ఎట్లా తెలిసిందని అడిగితే, దండి అంచుల వెంబడి వేలు పెట్టి చూపింది. ఇత్తడిరంగు మెట్ల చివర్లు ముళ్ళలాగా బయటికి పొడుచుకుని వచ్చాయి. చేతికి గీసుకుంటున్నాయని నేనూ గమనించాను కాని, చవకపని అనుకున్నాను. “కట్టె గుంజుకపోయింది, ఇనుము గుంజుకపోదు గద” అంది. నిజమేనండి. తేమ ఉన్నచోట చేసిన వాద్యం పొడిగాలిలోకి వస్తే చెక్క నారకు అడ్డంగా కుంచించుకుపోతుంది, లోహపు మెట్లు ఉన్నంతే ఉంటాయి, వాటి కొసలు బయటపడతాయి. అక్కడితో మేలుకోకపోతే తర్వాత పలక చీలుతుంది. ఉడికిన పసుపును ఒక్కపెట్టున ఎండలో మాడ్చితే పైన ఎండి లోపల పచ్చిగా ఉండిపోతుందని, అందుకే రాత్రుళ్ళు కుప్పచేసి కప్పి మళ్ళీ పరుస్తామని అమ్మ చెప్పింది. కట్టెకు కూడా నెమ్మదిగానే అలవాటు చెయ్యాలట.

మర్నాడు మా ఊరి వడ్లాయన ఇంటికి అమ్మే తీసుకెళ్ళింది. ఆయన సన్నటి ఆకురాయితో మెట్ల కొసలు పావుగంటలో నున్నగా రాసి, డబ్బు తీసుకోలేదు. నట్ సంగతి అడిగితే మాత్రం రెండుచేతులూ జోడించాడు, “గది నాతోని గాదు అక్కా, ఒక్క ఇసుమంత ఎక్కువ రాకితే పోతది” అని. చేతకానిది చేతకాదని చెప్పిన పనివాడి మీద నాకెంతో గౌరవం.

ఆ రాత్రి భోజనాలయ్యాక, ఏదీ వాయించు అంది అమ్మ. మోహనమే వాయించాను. మాయామాళవగౌళ జోలికి పోలేదు. దీపం ఉన్నా లేనట్టే ఉన్న ఆ వరండాలో అమ్మ మొహం సరిగా కనపడలేదు. అయ్యాక చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, “ఆ ఏడు పసుపు ధర పడ్డది బిడ్డా” అంది. ఎన్నేళ్ళ కిందటి మాట! ఆ వీణ సంగతి అమ్మ మరిచిపోయిందనుకున్నాను. నాకు తెలుసులే అమ్మా అన్నాను.

ఇంక తిరిగి ఇచ్చెయ్యడం అనే ఆలోచన లేదు. హైదరాబాదు వచ్చాక గిటార్లు బాగుచేసే ఒక కుర్రాడిని వెతికి పట్టుకుని నట్ గాళ్ళు సరిచేయించాను. నాలుగువందలు తీసుకున్నాడు. ఇప్పుడు రి చాలావరకు తీరింది. మ పూర్తిగా సరిపోయింది.

మీలో ఎవరైనా కొనాలనుకుంటే నాలుగు సంగతులు గుర్తుపెట్టుకోండి. దుకాణంలోనే మొదటి మెట్టు మీద ఒక్కొక్క తీగె నొక్కి శ్రుతి చూడండి. శ్రుతి చూపించే సౌకర్యం ఇప్పుడు ఫోనులోనే ఉంది. పన్నెండో మెట్టు దగ్గర నొక్కితే ఉత్త తీగె స్వరమే పైస్థాయిలో రావాలి, రాకపోతే ఆ వాద్యం వద్దు, అది నట్‌తో బాగయ్యేది కాదు. మెట్ల అంచుల వెంట వేలు రాసి చూడండి. దీని మీద మంద్రస్థాయి లేదని ముందే తెలుసుకోండి. ప తీగె పైన ఉన్నా అది మధ్యస్థాయి పంచమమే, షడ్జం కిందికి దిగడానికి దారి లేదు. వీణ మీద తీగె పక్కకు లాగి గమకం తీసినంత లాగడం కూడా కుదరదు. పొట్టి తీగె, కాస్త ఊగుతుంది అంతే. గమకం లేనిదే ఉండలేనివాళ్ళు దీని దగ్గరికి రాకండి, నిరాశపడతారు. పిల్లలకు పాటలు నేర్పడానికి, మనం కూనిరాగం తీసుకుంటూ కింద శ్రుతిగా మీటుకోడానికి హాయిగా ఉంటుంది. ఎడమచేతి గోళ్ళు మాత్రం కత్తిరించుకోవాలి. మొదటి వారం వేళ్ళ కొసలు నొప్పిపెడతాయి, కాకరకాయ తరిగేటప్పుడు తెలుస్తుంది.

ఎండాకాలం సంగతి వేరే చెప్పాలి. మన తెలంగాణలో మేనెల నలభై అయిదు డిగ్రీలు కొత్త కాదు. గాలిలో తేమ నూటికి నలభై అయిదు, యాభై అయిదు మధ్య ఉంటే ఈ చెక్కకు సుఖం. అంతకన్నా బాగా తగ్గితే ప్రమాదం. ఖరీదైన సాధనాలు అమ్ముతారు కాని నేను చేసింది ఇది. ఒక ప్లాస్టిక్ సబ్బుపెట్టెకు బెజ్జాలు చేసి, తడిపి గట్టిగా పిండిన స్పాంజి ముక్క అందులో పెట్టి, సంచీలో వాద్యం తల దగ్గర ఉంచుతాను. వారానికోసారి మళ్ళీ తడపాలి. నీళ్ళు కారేలా ఉండకూడదు సుమా. వానాకాలం రాగానే అది తీసెయ్యాలి. కారులో, అటకమీద, వంటింటి పొయ్యి పక్క గోడకు మేకు కొట్టి అసలే పెట్టవద్దు. ఇంత సేవ మావల్ల కాదంటారా, పదిహేను వందల ప్లైవుడ్డే కొనుక్కోండి. నిజంగానే చెబుతున్నాను. అది ఎండకూ వానకూ చలించదు, ఇంట్లో చిన్నపిల్లలుంటే అదే మేలు. నాకు మొదటిరోజు తేడా తెలియలేదని ఒప్పుకున్నాను కదా. ఇప్పుడు తెలుస్తోంది. రెండు నెలలు వాయించాక చెక్కే మారిందో, నా వేళ్ళే కుదిరాయో, ఆ ఒక్క లిప్త కాస్తా రెండు లిప్తలైంది.

మధ్యాహ్నం మావారి క్యారియరు పంపి, పనిమనిషి వెళ్ళాక, అరగంట నాది. తలుపు వేసుకునే వాయిస్తున్నాను ఇంకా. పక్కింటి పాప అప్పుడప్పుడు తన నీలంది పట్టుకొస్తుంది, దానికి స రి గ మ చెబుతున్నాను. అది నాకు ఏవో ఇంగ్లీషు పాటల పట్లు నేర్పుతోంది.

ఆదివారం రాత్రి అమ్మకు ఫోను చేస్తాను. మొదట పసుపు ఎంతకు పోయిందో అడుగుతాను. తర్వాత అమ్మే, “ఫోను గా డబ్బా దగ్గర పెట్టు” అంటుంది. కిందటి వారం ధైర్యంచేసి మాయామాళవగౌళలో సరళీ స్వరాలు మొదటి వరస మొత్తం వాయించాను. అయ్యాక కాసేపు నిశ్శబ్దం. లైను పోయిందేమో అనుకున్నాను. “అన్నీ ఎండినయ్ బిడ్డా,” అంది అమ్మ. “గా రెండోదొక్కటే ఇంక జర పచ్చిగున్నది.”